విశ్వసనీయంగా తెలిసింది

నక్కలగుట్ట కోచింగ్ సెంటర్ల చేరినవట.
రాత్రి అన్నం కాడ అడిగినవు,
"అత్తా, నీ నౌకరి ఎట్లుంటది? నేను గూడ రాస్తా" అని.
పప్పుల కారం తక్కువైందని మాట మార్చిన.
మాట మార్చుడే, మార్కండేయా,
ఆ నౌకరిల మొదటి పాఠం.

ఇరవై రెండేండ్ల కింద
నేను గూడ తుపాకి ఇస్తరనుకున్న.
కుర్చీ ఇచ్చిన్రు. ఒక కాలు పొట్టిది,
దాని కింద మడత పెట్టిన పాత పేపరు.
ఒక బీరువా, దాని తాళంచెయ్యి.
పొద్దుమీకితే చిత్తు కాగితాలు కాల్చి
బూడిదెను గూడ పుల్లతోని కలియబెట్టుడు.

కొత్తవాడల నాయిన నేసిన జంపఖానాకు
సీదా లేదు, ఉల్టా లేదు,
ఎటు పరిచినా అదే పువ్వు.
ఆయన బిడ్డకు మాత్రం అట్ల కుదరలే.
కాలనీల లెక్కల ఆఫీసు క్లర్కును,
చిన్నమ్మకు "ఏందో ఫైళ్ళ పని",
ఎనుమాములల మిర్చి ఖరీదుదారును.

మూడు జాతరలు మేడారం పోయిన.
లక్షల మంది గద్దె దిక్కు చూస్తుంటే
నేను గద్దెకు వీపు పెట్టి
లక్షల మొకాలు చూసిన.
తల్లిని ఇంకా చూడలే.

మేం రాసే వాక్యానికి కర్త ఉండడు.
"విశ్వసనీయంగా తెలిసింది."
ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పిన్రు,
చెప్పినాయన ఇంట్ల ఆ పూట పొయ్యి వెలిగిందా,
అవి వాక్యంల పట్టయి.
అలవాటై ఇంట్ల గూడ అట్లనే వస్తది.
"కూర వండబడింది. ఆలస్యమగును."
మీ మామ నవ్వుతడు. కొన్నిసార్లు నవ్వడు.

ఒక బుధవారం కాజీపేట జంక్షన్ల ఏమీ కాలే.
ఆ ఏమీ కాకపోవుటానికి
పదకొండు రాత్రులు పట్టింది.
తెల్లారి పేపర్ల మిర్చి ధర పడ్డదని రాసిన్రు.
చాయ్ తాగుకుంట అదే చదివిన.

ఒకసారి తప్పు గూడ రాసిన.
ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు.
పరకాల దిక్కు పిలగాడు, నీ ఈడే,
ఆ యేడు పరీక్ష రాయలే.
దిద్దిన కాగితం నేనే పంపిన.
అది ఎవరి బల్ల మీద ఆగిందో
ఇప్పటికీ విశ్వసనీయంగా తెలియలే.
ప్రమోషన్ మాత్రం టైముకే వచ్చింది.

ఓదెలు సంగతి చెప్పొద్దు. చెప్తున్న.
ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మా రిజిస్టర్ల ఒక అంకె.
తొమ్మిదేండ్లు బస్తాల నీడన నిలవడి
ఆయన చెప్పిండు, నేను విన్న.
నా అసలు సంగతి ఎరగడనే అనుకున్న.

గుండె ఆగి పోయిండు.
సావుకు పోవద్దన్నరు, పోలే.
పదోనాడు పోయిన, ఖరీదుదారు లెక్కన,
చేతిల అరటిపండ్లు, లోపల ఒక అబద్ధం.
అర్ర మూలకు రెండు బస్తాల మిర్చి,
గడప దాటంగనే తుమ్ములు.

కొంరవ్వ మొకం దిక్కు చూసింది.
"మిర్చి కొనే మనిషినంటివి,
గిన్ని తుమ్ములేంది బిడ్డా?"
ఇంకో తుమ్ము వచ్చింది, జవాబు రాలే.
"ఆయన చెప్పిండు.
తుమ్ముకుంట ఒక అక్క వస్తది,
పేరడగకు, చాయ్ పొయ్యి అని."

గ్లాసు అంచు కాలింది. గట్టిగనే పట్టుకున్న.
ఆ రోజు రిపోర్టుల
ఏం రాయాల్నో తెలువక
వాతావరణం ప్రశాంతంగా ఉన్నదని రాసిన.

అర్జీకి ఆఖరు తారీకు దగ్గర పడ్డదన్నవు.
రాయి. లెక్కలల్ల నువ్వు నాకంటె నయం.
పాసైతే, ఒకనాడు మన గల్లీల
ఎవరో ఒకాయన తిరుగుతడు.
నీ గురించి అడగడు,
నల్లా నీళ్ళు ఎప్పుడొస్తయని అడుగుతడు,
కిరాయి ఇండ్లున్నయా అంటడు,
చెప్పుల జతలు లెక్కబెడుతడు.

నాకు తెలుస్తది.
తెలియనట్టే తలుపు తీస్త.
పేరడగ.
చాయ్ పోస్త.